అమరావతి రాళ్ళూ మా మేనత్తా

అత్తయ్య పోయాక పదకొండో రోజున మా ఇంట్లో చేరిన చుట్టాలందరూ ఒకటే మాటని అటూ ఇటూ తిప్పి అన్నారు. "పాపం, బొమ్మల కోసం జీవితమంతా ధారపోసింది." పెళ్ళి లేదు, పిల్లల్లేరు, పేరు రాలేదు, డబ్బూ రాలేదు. కాబట్టి పాపం. గారెలు వడ్డిస్తూ విన్నాను. ఆ 'పాపం' నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

అత్తయ్య ఇష్టమైనదేదీ వదులుకోవడం నేను చూడలేదు. ఆవిడకి కావలసినవి ఉత్తరం వైపు నుంచి వచ్చే వెలుతురు, మంచి కాగితం, తన జోలికి ఎవరూ రాని కాస్త పొద్దు. వీటి విషయంలో ఆవిడంత స్వార్థపరురాలు మా వంశంలో ఇంకొకరు లేరు. ఎంత ప్రేమగల మనిషో చెప్పే ముందు ఇది చెప్పాలి. బొమ్మ మీద కూర్చున్నప్పుడు అత్తయ్య మంచి మనిషి కాదు. జ్వరమొచ్చి నేను మూలుగుతున్నా కిందికి దిగేది కాదు. "మీ అమ్మ ఉందిగా" అనేది మెట్ల మీంచే. సాయంత్రం వెలుతురు పోయాక వచ్చి, పొద్దుపోయేదాకా నా నుదుటి మీద తడిగుడ్డ మార్చేది. రెండూ నిజమే.

మాది అమరావతి దగ్గరి ధరణికోట పక్కన కృష్ణ ఒడ్డు పల్లె. తాతయ్య యుద్ధం రోజుల్లో మద్రాసు వచ్చి, జార్జిటౌన్‌లో ఒక తెలుగు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కుదురుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం మనకు రాలేదు. తెలిసినవాళ్ళు చాలామంది కర్నూలుకీ బెజవాడకీ మూటలు కట్టారు. తాతయ్య కదల్లేదు. "ఎక్కడ దిద్దినా అవే తప్పులు" అని వెస్ట్ మాంబళంలో అద్దె వాటాలోనే ఉండిపోయారు. మా నాన్న, ఆయనకి ఆరేళ్ళు పెద్దదైన అత్తయ్య, తర్వాత మేమూ అందరం ఆ ఇంట్లోనే పెరిగాం. మేడ మీద ఒక రేకుల గది ఉండేది. ఇంటాయన కొబ్బరికాయలు పోసుకోవడానికి కట్టించుకున్నది. దానికి ఉత్తరం వైపు కిటికీ ఉందని అత్తయ్య కనిపెట్టిన రోజు నుంచి అది ఆవిడ గది అయిపోయింది. కొబ్బరికాయలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

పెరియమేటలో ఉన్న ఆర్ట్ స్కూలు చాలా పాతది. అలెగ్జాండర్ హంటర్ అనే సైనిక వైద్యుడు 1850లో మొదలుపెట్టాడు. అత్తయ్య 1960లో చేరింది. తాతయ్య ఒప్పుకున్నది కళాభిమానంతో కాదు. అక్కడ చదివితే ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెప్పారు, అందుకు. చెప్పినట్టే దొరికింది. రిటైరయ్యేదాకా అదే బడి. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ఆవిడ కూడా చెప్పేది కాదు. "మామిడిపండు, కూజా, జెండా. మళ్ళీ మామిడిపండు" అనేది, అంతే.

ఆర్ట్ స్కూలు కబుర్లు మాత్రం ఎన్నిసార్లైనా చెప్పేది. 1929 నుంచి 1957 దాకా దేవీప్రసాద్ రాయ్‌చౌధురిగారు ప్రిన్సిపాలు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. అత్తయ్య చేరేసరికే ఆయన వెళ్ళిపోయారు, కానీ ఆయన కథలు ఇంకా ఆ చెట్ల కిందే తిరుగుతుండేవట. కుస్తీ పట్టేవారనీ, వేణువు వాయించేవారనీ, వేటకు వెళ్ళేవారనీ. మెరీనాలో నలుగురు మనుషులు కలిసి బండరాయిని కదుపుతున్న విగ్రహం ఉంది చూడండి, 1959లో పెట్టినది, శ్రామిక విజయం అంటారు, అది ఆయన చేతి పనే. బీచికి వెళ్తే మేమంతా సముద్రం చూస్తుంటే అత్తయ్య సముద్రానికి వీపు పెట్టి ఆ విగ్రహం చుట్టూ తిరిగేది. "ఆ పిక్క చూడవే. బరువు ఎక్కడ పడిందో పిక్క చెబుతోంది, మొహం కాదు." సుండల్, అదే గుగ్గిళ్ళు, కొనిపెట్టమని మా తమ్ముడు ఏడుస్తుండేవాడు. సుండల్ కూడా ఆ పిక్క చూశాకే.

ఆవిడ చదివిన రోజుల్లో ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణిక్కర్‌గారు. అప్పటికి ఆయన బొమ్మల్లో మనుషులు తగ్గిపోతూ, 1963 నాటికి అక్షరాలు, అంకెలు, జాతకచక్రాల్లాంటి గుర్తులు నిండిపోయాయి. వర్డ్స్ అండ్ సింబల్స్ అని ఆ వరస బొమ్మలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. తోటి విద్యార్థులు ఆ గాలికి ఎగిరిపోతుంటే అత్తయ్య మాత్రం మనిషి చెయ్యి, మనిషి పాదం పట్టుకుని వేలాడింది. పణిక్కర్‌గారంటే ఆవిడకి వల్లమాలిన గౌరవం. ఆయన దారి తనది కాదన్న విషయంలో మాత్రం అనుమానమే లేదు. "ఆయనకి చేతులు వెయ్యడం వచ్చాక మానేశారు. నాకు ఇంకా రాలేదుగా, నేనెలా మానేస్తాను?" అనేది. ఇదేదో వినయం అనుకునేరు. అలా అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కాస్త పొగరే ఉండేది.

1966లో పణిక్కర్‌గారి వెనక ఆయన విద్యార్థులు కొందరు ఊరికి దక్షిణాన ఇంజంబాక్కంలో సముద్రం పక్కన స్థలం కొని చోళమండలం కళాకారుల గ్రామం పెట్టుకున్నారు. ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కార్లలో వెళ్ళి చూసొస్తున్నాం గానీ అప్పట్లో అది ఇసుకా, సరుగుడు చెట్లూ. ఆ డబ్బు ఎలా వచ్చిందనేదే అసలు కథ. బొమ్మలు కొనే దిక్కు లేక, బాతిక్ బట్టలు అద్ది అమ్మారు. అత్తయ్యకి కూడా బాతిక్ పట్టుకుంది. చోళమండలం వెళ్ళలేదు కానీ మైనం మాత్రం మా వంటింటికి తెచ్చింది.

బాతిక్ ఎలా చేస్తారో ఆవిడ దగ్గర చూసినదే ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. నేను పుట్టడానికి ముందు మొదలైన పని, నాకు ఊహ వచ్చాక కూడా అప్పుడప్పుడూ చేసేది. తేనెమైనం, పారఫిన్ మైనం కలిపి గిన్నెలో కరిగిస్తారు. తేనెమైనం మెత్తన, వంగుతుంది, పగలదు. పారఫిన్ పెళుసు, బట్ట నలిపితే పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలోకి రంగు దిగితేనే ఆ సాలెగూడు గీతలు. పగుళ్ళు ఎక్కువ కావాలంటే పారఫిన్ పాలు పెంచాలి. రంగు పడకూడని చోటల్లా వేడి మైనం కుంచెతో పూసి, లేత రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ లేత రంగు ఉండాల్సిన చోట మళ్ళీ మైనం పూసి, ముదురు రంగులో ముంచి, అలా లేత నుంచి ముదురుకి వెళ్ళాలి. వెనక్కి రావడం ఉండదు. చివర్న బట్టని సలసలా మరిగే నీళ్ళలో వేస్తే మైనం కరిగి పైకి తేలుతుంది. రంగులకి చల్లనీళ్ళే వాడాలి, వేడినీళ్ళయితే మైనం అక్కడే కరిగిపోతుంది.

నాయనమ్మకి ఈ సంగతులేవీ అక్కర్లేదు. ఆవిడకి తెలిసిందల్లా తన చారు గిన్నె పోయిందని. ఇత్తడి గిన్నె, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఎంత తోమినా అంచున మైనం వాసన పోలేదు. "మడి వంటింట్లో తేనెపట్టు పెట్టింది మహాతల్లి" అని ఇరుగుపొరుగు అరవమ్మలకి వచ్చీ రాని అరవంలో చెప్పుకునేది. అయితే మొదటి బాతిక్ చీర అమ్మిన డబ్బుతో అత్తయ్య నాయనమ్మకి కొత్త గిన్నె కొనలేదు. కాగితం కొనుక్కుంది. ఆ గిన్నె గొడవ నాయనమ్మ బతికినన్నాళ్ళూ నడిచింది.

చోళమండలం ఎందుకు వెళ్ళలేదని నేను పెద్దయ్యాక అడిగాను. తాతయ్య ఒప్పుకోలేదేమో, ఆడపిల్లని ఒంటరిగా పంపలేదేమో, అలాంటి జవాబు వస్తుందనుకున్నాను. "అక్కడ పొద్దస్తమానం కళ గురించి మాట్లాడుతుంటారే. మధ్యాహ్నం పూట మాట్లాడితే నాకు చెయ్యి కదలదు" అంది.

పెళ్ళి కథ కూడా చెప్పేయాలి, లేకపోతే ఆ పాపం అన్నవాళ్ళు ఊరుకోరు. నెయ్వేలిలో ఉద్యోగం చేసే ఒక పెళ్ళికొడుకు వచ్చాడట. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, క్వార్టర్స్ ఉంది. పిల్ల నచ్చింది. ఏమైనా అడగాలా అమ్మాయ్ అని పెళ్ళికొడుకు తల్లి అడిగితే, అత్తయ్య తలెత్తి, "మీ క్వార్టర్స్‌లో ఉత్తరం వైపు కిటికీ ఉందాండీ?" అంది. ఆవిడ తెగ మురిసిపోయింది. ఈ కాలం పిల్ల, వాస్తు అడిగిందని. ఉత్తరాన గోడేననీ, కిటికీలన్నీ పడమటికేననీ తెలిసింది. అత్తయ్య లోపలికి వెళ్ళి తాతయ్యతో, "పడమటి ఎండలో రంగు నిలబడదు నాన్నా" అని చెప్పేసింది. దీన్ని తాతయ్య మాకు ఎన్నోసార్లు చెప్పి నవ్వేవారు. నవ్వులోనే ఎక్కడో ఒక దిగులు కూడా ఉండేదేమో, చిన్నప్పుడు మాకు తెలియలేదు. తర్వాత సంబంధాలు చూడ్డం మెల్లగా ఆగిపోయింది. ఆవిడ ఏడ్చిందని గానీ, ఆ తర్వాత ఎప్పుడైనా ఆ మాట ఎత్తిందని గానీ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

అమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు పీటల మీద నుంచి మొదట చూసింది అత్తయ్య చేతులే. ముహూర్తానికి పరుగెత్తుకుంటూ వచ్చి అక్షింతలు వేసిందట. "వదినగారి గోళ్ళ నిండా పసుపు చూసి, ఎంత ఆచారవంతురాలో అనుకున్నాను. అది గాంబోజ్ అని కాపురానికి వచ్చాక తెలిసింది" అంటుంది అమ్మ. గాంబోజ్ అంటే ఒక చెట్టు బంక నుంచి తీసే పసుపు రంగు. అది నోట్లోకి పోతే మంచిది కాదని అమ్మ ఎక్కడో చదివి, ఆ రోజు నుంచి అత్తయ్య అన్నానికి కూర్చునే ముందు చేతులు తనే తనిఖీ చేసేది. ఆఖరుదాకా చేసింది.

ఇక ఎగ్మూరు. ఆదివారం పొద్దున మాంబళం స్టేషన్లో మీటరుగేజి ఎలక్ట్రిక్ రైలెక్కేవాళ్ళం. కోడంబాక్కం, నుంగంబాక్కం, చెట్‌పట్, ఎగ్మూరు. మడత స్టూలు మోసేది నేను. అట్ట, కాగితాలు ఆవిడవి, ముట్టుకోనిచ్చేది కాదు. పాంథియన్ రోడ్డు మీద ఎర్రటి మ్యూజియం. 1851లో మొదలైంది. కంచు విగ్రహాల గది పక్కకి కూడా చూడకుండా, రవివర్మ పటాలున్న భవనం వైపు కన్నెత్తకుండా ("అవి చీరలమ్మే కొట్లో పెట్టాలే" అనేది, ఆ మాట అన్యాయమని ఇప్పుడనిపిస్తుంది), నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి.

"మన ఊరి రాళ్ళు మనకంటే వందేళ్ళ ముందే మద్రాసు వచ్చాయే" అని మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. ఆ కథ ఆవిడ ఎలా చెప్పేదంటే, వాళ్ళందరూ మా ఇంటికి వచ్చిపోయే చుట్టాల్లాగే ఉండేవాళ్ళు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె, అంటే పాత బౌద్ధ స్తూపం పూడిపోయిన దిబ్బ, తవ్వితే ఈ చెక్కిన రాళ్ళు బయటపడ్డాయి. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ దొర విని చూడ్డానికి వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు మెట్లకి వేసుకున్నవి వేసుకోగా, సున్నం బట్టీల్లో కాల్చినవి కాల్చగా, 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి కొన్ని మద్రాసు పంపించాడు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఎండలో వానలో ఆరుబయట పడున్నాయి. 1859లో వాటిలో కొన్ని ఓడెక్కి లండన్ వెళ్ళాయి. మిగిలినవీ, ఆ తర్వాత తవ్వకాల్లో దొరికి వచ్చినవీ ఇవి. "మన తాతల ఇళ్ళ గోడల సున్నంలో ఎన్ని బోధివృక్షాలు కాలిపోయాయో" అనేది, పెద్దగా బాధేమీ లేకుండా. గోడలో సిమెంటు పెట్టి రాళ్ళని బిగించారని మాత్రం ఒళ్ళుమండేది. ఆ సిమెంటు పెట్టినవాడు పోయి వందేళ్ళు దాటి ఉంటుంది, అయినా ప్రతి ఆదివారం తిట్లు తినేవాడు.

అక్కడ ఒక గుండ్రటి పలక ఉంది. నాళాగిరి ఏనుగుది. అత్తయ్య జీవితంలో సగం ఆ పలక ముందే గడిచిందంటే అతిశయోక్తి కాదు. రాజగృహం వీధిలో బుద్ధుడు వస్తుంటే దేవదత్తుడు ఏనుగుకి కల్లు తాగించి వదిలిన కథ. పలకలో ఎడమవైపు ఏనుగు మనుషుల్ని తొక్కుతూ, తొండంతో ఒకడి కాలు పట్టి విసురుతోంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలింది. నేను రెండు ఏనుగులు అన్నాను. "ఒకటేనే. కాస్త అటూ ఇటూ చూడు, మధ్యలో ఏం జరిగిందో నువ్వే అనుకోవాలి" అంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. అత్తయ్యకి బుద్ధుడు కాదు, ఏనుగు కూడా కాదు, ఆ భయపడిన మనుషులు కావాలి. ఒక ఆడమనిషి వెనక్కి తూలి పక్కనున్నవాడి మీద పడబోతుంటుంది. ఆవిడ చెయ్యి. ఆ ఒక్క చెయ్యి.

పెన్సిలు చెక్కడం నా పని. షార్పనర్ నిషిద్ధం, బ్లేడుతోనే చెక్కాలి, ముల్లు పొడుగ్గా రావాలి, అప్పుడే పక్కకి వాల్చి నీడ వేసుకోవచ్చు. మిగతా సమయమంతా నేను గచ్చు మీద కూర్చుని సందర్శకుల కాళ్ళు చూసేదాన్ని. పల్లెటూళ్ళ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు అత్తయ్య వెనక మూగేవాళ్ళు. "అమ్మా, నీదేనా ఈ బొమ్మ" అని ఒకసారి ఒక పెద్దాయన తెలుగులో అడిగితే అత్తయ్య పొంగిపోయి, ఏ ఊరండీ అని అడిగింది. సత్తెనపల్లి అన్నాడు. ఆ రోజు ఇక బొమ్మ లేదు. ఆయన్ని వెంటబెట్టుకుని పలక పలకకీ కథ చెప్పింది. సత్తెనపల్లి నుంచి అమరావతి ఎంతో దూరం లేదు, అయినా ఆ శిల్పాలు చూడ్డానికి ఆయన మద్రాసు రావాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆయన ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అంతకుమించిన ఎగ్జిబిషన్ ఆవిడకి జరగలేదని నా అభిప్రాయం.

రంగులో ఆ రాయిని పట్టుకోవడం ఇంకో యుద్ధం. అందరూ పాలరాయి అంటారు గానీ అది పల్నాటి సున్నపురాయి. తెల్లగా ఉన్నట్టే ఉండి, కాసేపు చూస్తే లేత ఆకుపచ్చ, ఇంకాసేపు చూస్తే బూడిద. మ్యూజియంలో పెన్సిలుతో గీసుకున్నది మేడ మీదికి తెచ్చి నీటిరంగులు వేసేది. యెల్లో ఆకర్, కోబాల్ట్ బ్లూ, వాటిలో చిటికెడు లైట్ రెడ్. ఏది ఎంత అనేది రోజుకో రకం. తెల్ల రంగు ట్యూబు ఆ గదిలో ఉండేది కాదు. కాగితం తెలుపే తెలుపు, అది ఎక్కడ మిగల్చాలో ముందే తెలియాలి. పిన్నిగారి అబ్బాయి ఒకసారి పుట్టినరోజుకని ప్రేమగా తెల్ల రంగు ట్యూబు కొనిచ్చాడు. "థాంక్స్ రా నాన్నా" అని తీసుకుని, దాంతో ఇంటి గడప ముగ్గు దిద్దింది.

నీటిరంగులకి మద్రాసు మహా కష్టం. మే నెలలో కుంచె కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేలోగా మొదటి చివర ఎండిపోయి గీత పడుతుంది. ఐప్పసి, కార్తిక వానల్లో పొద్దున వేసిన ఆకాశం రాత్రికీ తడే. కాగితానికి బూజు మచ్చలు. ట్రంకుపెట్టెలో బొమ్మల మధ్య కర్పూరం, ఎండిన వేపాకు. ఆవిడ లెక్కలో ఏడాదికి అసలైన నెల మార్గళి, అంటే మన ధనుర్మాసం, ఒక్కటే. చీకటితో లేచి, అయోధ్య మండపం వైపు నుంచి భజన వినిపిస్తుంటే మేడ ఎక్కేది. ఆ నెలలో మా ఇంటికి ఎవరూ రాకూడదు. సంక్రాంతికి చుట్టాలొస్తామంటే మొహం మాడ్చుకునేది. నాన్న ఒకసారి "అక్కయ్యా, పండగనైనా..." అని మొదలుపెట్టి, ఆవిడ చూపు చూసి ఆపేశారు.

పత్రికలకి బొమ్మలు వేయొచ్చుగా అని అందరూ అడిగేవాళ్ళు. 1947లో మొదలైన చందమామ మా ఊళ్ళోనే, వడపళనిలోనే తయారయ్యేదాయె. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, 'వపా' అని మూల సంతకం ఉన్నవి, అత్తయ్య కత్తిరించి దాచుకునేది. ఆయన నీలం మీద నీలం ఎలా వేస్తారో తేల్చుకోవడానికి భూతద్దం పెట్టి చూసేది. తను మాత్రం ఎవరినీ వెళ్ళి అడగలేదు. "గురువారానికి రాకుమారి కావాలంటే నేను ఇవ్వలేను" అంది. అందులో భయం కూడా ఉందేమోనని ఇప్పుడు నాకు అనుమానం. ఆవిడ బతికుంటే ఒప్పుకోదు.

నేను ఇంటరులో ఉండగా నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది, దామెర్ల రామారావుగారి చిత్రశాల చూపించడానికి. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడాయన. ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండలేదు. సిద్ధార్థ రాగోదయం, నంది పూజ, పుష్పాలంకారం ఆ వయసులో వేసినవి. ఆ ఆడవాళ్ళ మెడవంపుల ముందు నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అత్తయ్య మాత్రం రామారావుగారి భార్య సత్యవాణిగారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు వేసిన బొమ్మల గురించి అక్కడున్నాయనని గుచ్చి గుచ్చి అడిగింది. వాళ్ళిద్దరూ కూడా చిత్రకారులేనని నాకు ఆ రోజే తెలిసింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "ఆయన పోయాక కూడా వాళ్ళు వేశారే" అంది. గోదావరి దాటాక నిద్రపోయింది.

నాకు బొమ్మలు నేర్పలేదు. నేను బతిమాలితే ఒక వేసవిలో కూర్చోబెట్టి, నేను గీసిన చెంబు చూసి, "నీకు చెయ్యి లేదే అమ్మడూ, కన్ను ఉంది. కన్నుతో కూడా బతకొచ్చు" అంది. ఏడ్చాను. కానీ అబద్ధం చెప్పకపోవడం ఆవిడ ఇచ్చే గౌరవం. మా బ్యాంకులో సంతకాలు పోల్చి చూసేటప్పుడు ఆ కన్ను బాగానే పనికొచ్చిందనుకోండి.

ఒకే ఒక్కసారి, గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ హాల్లో కొందరు కలిసి పెట్టిన ప్రదర్శనలో ఆవిడ బొమ్మలు కూడా వేలాడాయి. ఒకటి అమ్ముడుపోయింది. మా ఎదురింటి మేడ, తీగ మీద ఆరేసిన పంచె, వెనక కొబ్బరిచెట్టు తల. ఆ డబ్బుతో సేబుల్ వెంట్రుకల కుంచె కొనుక్కుంది. ఇంటికి రాగానే అమ్మకి చూపించి, దాన్ని నీళ్ళలో ముంచి విదిలిస్తే మొన ఎలా కూడుకుంటుందో మాకందరికీ ప్రదర్శన ఇచ్చింది. బొమ్మ అమ్ముడైన సంగతి రాత్రి భోజనాల దగ్గర, ఉప్పు అందిస్తూ చెప్పింది.

2015 డిసెంబరు వరద వచ్చేసరికి ఆవిడ మోకాళ్ళు పట్టేసి కింది గదిలోకి మారి చాలాకాలం. ట్రంకుపెట్టెలు కూడా మంచం కిందికి వచ్చాయి. వీధిలో నీళ్ళు, గుమ్మంలో నీళ్ళు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ముందు ఆవిడని, తర్వాత గ్యాస్ సిలిండరుని, ఆ తర్వాత పెట్టెల్ని మేడ మీదికి చేర్చాం. అప్పటికే అడుగు పెట్టె తడిసిపోయింది. అందులో నాళాగిరి బొమ్మలు, ఏళ్ళ తరబడి వేసినవి, ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయ్యాయి. అమ్మ గోడకి చేరగిలబడి ఏడుస్తోంది. అత్తయ్య ఒక కాగితం మూల మెల్లగా ఊడదీసి, వెలుతురుకి ఎత్తి, పరీక్షగా చూసింది.

"పోనీలే. వీటిల్లో చెయ్యి కుదర్లేదు."

పెద్దమనసుతో అన్నదని అనుకోకండి. నిజంగానే కుదరలేదని ఆవిడ ఉద్దేశం. నీళ్ళు తీసిన వారానికి కొత్త కాగితం తెప్పించమని నాన్నని సతాయించడం మొదలుపెట్టింది. చేతివేళ్ళు వణుకుతుంటే మోచెయ్యి దిండు మీద ఆనించి వేసేది. మ్యూజియంకి వెళ్ళే ఓపిక లేదు, అవసరమూ లేదు. ఆ పలక మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు. 2018లో పోయేముందు వేసినవాటిలో ఏనుగు లేదు, వీధి లేదు, బుద్ధుడు లేడు. ఉత్త కాగితం మీద ఒక ఆడమనిషి చెయ్యి, ఎవరినో పట్టుకోబోతూ. కుదిరిందో లేదో ఆవిడ చెప్పలేదు. నా కన్ను అయితే కుదిరిందనే అంటోంది.

మిగిలిన బొమ్మల పంపకం ఇంకా తేలలేదు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు అన్నీ స్కాన్ చేయిద్దాం అంటాడు, నాన్నేమో ఒక్కటీ గడప దాటనివ్వరు. కింది వాటాలో ఉండే అమ్మాయి, ఆవిడ దగ్గర ఆఖరుగా నేర్చుకున్నది, ఇప్పుడు పెరియమేట కాలేజీలోనే చదువుతోంది. కుంచెలు నీకేనమ్మా అని పిలిచి, స్టీలు గ్లాసులో పెట్టి ఉంచినవి ఇచ్చాను. ఆ పిల్ల గ్లాసు చూడగానే గయ్యిమంది. తడి కుంచెల్ని వెంట్రుకలు కిందికి పెట్టి ఉంచానట. "ఎన్నక్కా ఇదు! టీచర్ పాత్తా తిట్టువాంగ!" (ఏంటక్కా ఇది, టీచర్ చూస్తే తిడతారు) అని, నా చేతిలోంచి లాక్కుని, వంటింట్లోకి పోయి, అమ్మ దగ్గర గిన్నెల సబ్బు అడుగుతోంది. అమ్మ ఇవ్వనంటోంది.